పన్నెండేళ్ల కారు, 92 వేల ఎస్టిమేట్: బాగు చేయించాలా, మార్చేయాలా?

నమస్తే అండి. మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇది. ఉండేది కేఆర్ పురం. 2013 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 1.2 లీటర్ ఇంజిన్, లక్షా పద్దెనిమిది వేల కిలోమీటర్లు తిరిగింది. మధ్యలో కొన్నేళ్లు నెల్లూరులో నాన్నగారి దగ్గర ఉండి మళ్లీ బెంగళూరు వచ్చింది. ఏసీ చల్లబడటం లేదు, క్లచ్ జారుతోంది, గుంతలో పడితే ముందువైపు టకటకా చప్పుడు. సర్వీస్ సెంటర్ వాళ్లు 92,000 ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. అమ్మితే లక్షా ఎనభై వస్తుందని యాప్ చెబుతోంది. సగం ధర రిపేరుకే పోసే బదులు, జీఎస్టీ కూడా తగ్గింది కదా, కొత్తది తీసుకోమని బావగారు, మంచి కారుని ఎందుకు అమ్ముతావని నాన్నగారు.

నేను చాలా ఏళ్లు సర్వీస్ సెంటర్‌లో అడ్వైజర్‌గా చేశాను, ఇప్పుడు బెంగళూరులోనే ఇన్సూరెన్స్ సర్వేయర్‌ని. అప్పట్లో ఎస్టిమేట్లు రాసిన చేత్తోనే ఇప్పుడు వాటిని కోస్తున్నాను కాబట్టి, మీ కాగితం చూడగానే ఎక్కడ ఎంత గాలి ఉందో తెలిసిపోయింది.

ముందే చెప్పేస్తాను. ఈ బిల్లుకు భయపడి అయితే కారు మార్చొద్దు. కానీ మీరు చివర్లో ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన సంగతి ఒకటుంది. ఎయిర్‌బ్యాగ్‌లు, ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లేని వేరియంట్, అందులో నెలకోసారి పిల్లలతో నెల్లూరు ప్రయాణం. నన్నడిగితే 92 వేల కంటే అదే పెద్ద విషయం. దాని దగ్గరకు తర్వాత వస్తాను.

ముందు ఆ 'సగం ధర' లెక్క సంగతి. లక్షా ఎనభై అనేది మీ కారు కొనేవాడి లెక్క. మీకు కావలసిన లెక్క వేరు: ఇంకో రెండు మూడేళ్లు ఇంటి ముందు నమ్మకంగా స్టార్టయ్యే కారు ఒకటి ఉండాలంటే ఏ దారిలో ఎంత ఖర్చవుతుంది? మా సర్వేయర్ల పనిలో ఒక రూలుంది. యాక్సిడెంట్ అయిన కారు రిపేరు ఖర్చు ఐడీవీలో, అంటే పాలసీలో కారుకి కట్టిన విలువలో, 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద చూస్తాం. అదే ఎలాగో జనంలోకి వెళ్లి 'సగం దాటితే వదిలేయ్' అయినట్టుంది. అక్కడ కారు వదిలేస్తే ఇన్సూరెన్స్ కంపెనీ డబ్బిస్తుంది. ఇక్కడ మీకు ఎవరిస్తారు?

కొత్త కారు వైపు చూడండి. 8 లక్షల కారు అనుకుందాం. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది, బావగారు చెప్పింది నిజమే. కానీ కర్ణాటకలో 5 నుంచి 10 లక్షల మధ్య కారుకు లైఫ్ ట్యాక్స్ 14 శాతం, దాని మీద సెస్సు వేరే. అంటే లక్షా పన్నెండు వేలకు పైగా ట్యాక్సుకే పోతుంది. మీ మొత్తం ఎస్టిమేట్ కంటే ఎక్కువ, పైగా ఆ డబ్బుతో బండికి ఒక నట్టు కూడా రాదు. ఆరు లక్షలు లోను తీసుకుంటే 9 శాతం వడ్డీకి అయిదేళ్లపాటు నెలకు సుమారు 12,450 కట్టాలి. వడ్డీయే లక్షా నలభై ఏడు వేలు దాటుతుంది. షోరూమ్ నుంచి బయటికొచ్చి రెండో ఏడు నడిచేసరికి ఇన్సూరెన్స్ వాళ్లే 20 శాతం విలువ తగ్గించి లెక్కకడతారు. అది ఎవరికీ బిల్లు రూపంలో రాదు కాబట్టి నొప్పి తెలియదు, అంతే.

ఇంకో మాట. నిరుడు టైర్లకీ బ్యాటరీకీ పెట్టిన 30 వేలు 'వేస్ట్ అయిపోతాయి' అని రాశారు. ఆ డబ్బు ఖర్చయిపోయింది. దాన్ని ఈ లెక్కలోకి ఏ వైపు నుంచీ తేవద్దు.

ఇప్పుడు ఎస్టిమేట్. మీరు పెట్టిన అంకెలు: క్లచ్ సెట్టు 11,500, సస్పెన్షన్ 27,000, ఏసీ 29,000, ముందు బ్రేక్ డిస్కులు, ప్యాడ్‌లు 8,000, ఇంజిన్ మౌంటింగ్‌లు 4,500, డీకార్బనైజింగ్, ఇంజెక్టర్ క్లీనింగ్ 6,500, అండర్‌బాడీ కోటింగ్ 5,500.

క్లచ్ చేయించాల్సిందే. టిన్ ఫ్యాక్టరీ దగ్గర ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంజిన్ అరుస్తుంది గానీ కారు కదలదు అని మీరు రాసిన లక్షణం చాలు, ఇంకో టెస్టు అక్కర్లేదు. ఆ రేటు కూడా అన్యాయం కాదు. ఒక్కటి మాత్రం అడగండి: గేర్‌బాక్స్ ఎలాగూ కిందికి దించుతారు కాబట్టి, ఇంజిన్ వెనకవైపు క్రాంక్ ఆయిల్ సీల్ తడిగా ఉందేమో చూపించమనండి. ఆ సీల్ ఖరీదు వందల్లోనే ఉంటుంది. దాన్ని తర్వాత మార్చాలంటే మళ్లీ గేర్‌బాక్స్ దించిన లేబర్ మొత్తం కట్టాలి. క్లచ్ ఆనుకునే ఫ్లైవీల్ మీద గీతలు పడ్డాయా అన్నదీ అప్పుడే తెలుస్తుంది.

బ్రేకులు సరే. వాటిలో బేరం వద్దు.

ఏసీ దగ్గర ఆగాలి. కూలింగ్ కాయిల్, కంప్రెసర్ రెండూ మార్చాలని రాశారు. పాత కార్లలో మామూలుగా జరిగేది ఏమిటంటే, డ్యాష్‌బోర్డ్ లోపల కూలింగ్ కాయిల్‌కి సన్నని లీకు పడుతుంది. గ్యాస్ తగ్గుతుంది. గ్యాస్ తగ్గితే ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ని ఆన్ కానివ్వదు. అది తిరగడం లేదు కాబట్టి 'కంప్రెసర్ పోయింది సార్' అంటారు. పోయిందో లేదో తెలియడానికి దారుంది. సిస్టమ్‌లో నైట్రోజన్ ఎక్కించి ప్రెషర్ నిలుస్తుందో లేదో చూడమనండి, లీకు ఎక్కడో బయటపడుతుంది. తర్వాత కంప్రెసర్ విప్పించి, అందులోని ఆయిల్‌ని తెల్ల గుడ్డ మీద నాలుగు చుక్కలు వేయించి మీ కళ్లతో చూడండి. తేటగానో కొంచెం పసుపుగానో ఉంటే కంప్రెసర్‌కి ఇంకా ఆయుష్షు ఉంది. నల్లగా ఉండి, ఎండలో పట్టుకుంటే సన్నని లోహపు రజను మెరిస్తే అది లోపల అరిగిపోయినట్టే. అప్పుడు 29 వేలకు కూడా పని పూర్తికాదు, ఆ రజను కండెన్సర్‌లోకీ వెళ్లి ఉంటుంది. నా అంచనా, మీది కాయిల్ లీకే. కాయిల్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్, ఫిల్టర్, గ్యాస్ కలిపి బయటి మంచి ఏసీ షెడ్డులో 11 వేల దగ్గర అయిపోవాలి.

సస్పెన్షన్‌కి నాలుగు షాకబ్జర్లు, చక్రాల్ని కింద పట్టి ఉంచే రెండు లోయర్ ఆర్మ్‌లు, లింక్ రాడ్లు, కీళ్ల దగ్గరి రబ్బరు బుష్‌లు మొత్తం రాసేశారు. టకటక చప్పుడుకు మన దగ్గర ముందు అనుమానించాల్సింది లింక్ రాడ్లని. స్పీడ్ బ్రేకర్ల ఊరు కదా ఇది, వాటి తలలు తొందరగా వదులైపోతాయి. చవకలో పోయే వస్తువు. షాకబ్జర్ నిజంగా పోతే దాని ఒంటి మీద ఆయిల్ కారి, దుమ్ము పట్టి, నల్లగా జిడ్డుగా కనిపిస్తుంది. కారు లిఫ్ట్ మీద ఉన్నప్పుడు మీరే కింద నిలబడి చూడండి. ఏది కారితే ఆ జత మార్చండి, ముందువి రెండూ లేదా వెనకవి రెండూ. లోయర్ ఆర్మ్ బుష్ రబ్బరు పగిలిందో లేదో లివర్ పెట్టి కదిపితే తెలుస్తుంది. ఇది 14 వేలు దాటకూడదని నా లెక్క. ఇంజిన్‌ని పట్టి ఉంచే మౌంటింగ్‌లలో కూడా సాధారణంగా ఒకటే చితుకుతుంది, అది 1,500.

డీకార్బనైజింగ్ (ఇంజిన్ లోపలి మసి తీయడం), ఇంజెక్టర్ క్లీనింగ్: వద్దు. పికప్ బాగుంది, పొగ లేదు, చెక్ ఇంజిన్ లైటు లేదు అన్నారు కదా, దేనికి చేయించుకుంటారు? టార్గెట్లు ఉంటాయి, అడ్వైజర్ కుర్రాడిని అని లాభం లేదు. అండర్‌బాడీ కోటింగ్ అయితే ఇప్పుడు అసలే వద్దు. ఎందుకో చెప్తాను.

మొత్తం కలిపితే 46 వేలు. పైన చెప్పిన ఈఎంఐలో నాలుగు నెలలు కూడా కాదు. అయితే ఈ 46 వేలు పెట్టే ముందు ఇంకో రెండు మూడు వేలు చెకప్‌కి పెట్టండి, అదీ ఈ ఎస్టిమేట్ ఇచ్చిన చోట కాదు. పని దొరకడం మీద ఆశ లేని వేరే షెడ్డులో. చూడాల్సినవి రెండే: బాడీ, ఇంజిన్.

మెషీన్ పార్టులన్నీ మార్చుకోవచ్చు. బాడీ కుళ్లితే చేయగలిగింది లేదు. బెంగళూరులోనే ఉన్న కారైతే నాకు ఇంత అనుమానం ఉండేది కాదు. మీది నెల్లూరు ఉప్పుగాలిలో కొన్నేళ్లు ఉంది. డ్రైవర్ దగ్గర కార్పెట్ ఎత్తి ఫ్లోర్ చూడండి. తలుపుల కింద రన్నింగ్ బోర్డ్ పొడవునా స్క్రూడ్రైవర్ పిడితో కొట్టుకుంటూ వెళ్లండి. టంగుమంటే ఇనుము ఉంది. మందంగా డబ్‌మంటే లోపల తుప్పో పుట్టీయో. బానెట్ ఎత్తి, షాకబ్జర్ పైభాగం బిగించే చోట పగుళ్లు, పొరలు లేస్తున్న తుప్పు ఉందేమో చూడండి. అక్కడ గనుక ఉంటే ఇంకేం ఆలోచించొద్దు, రిపేరు మానేయండి. తలుపు అంచునో డిక్కీ మూత మీదో తుప్పు ఉంటే అది అందం సమస్య, పెద్దగా పట్టించుకోనవసరం లేదు. ఇవన్నీ చూడకుండా మీద నల్లటి కోటింగ్ కొట్టిస్తే తుప్పుకి దుప్పటి కప్పినట్టే, లోపల అది హాయిగా తింటూ పోతుంది. అందుకే వద్దన్నాను.

ఇంజిన్‌కి కంప్రెషన్ టెస్ట్ చేయించండి, ఒక్కో సిలిండర్‌లో ప్రెషర్ ఎంత నిలుస్తుందో అది చూపిస్తుంది. నాలుగు సిలిండర్ల రీడింగూ కాగితం మీద రాయించుకోండి. విడివిడిగా ఎంత అన్నదానికంటే నాలుగూ దగ్గర దగ్గరగా ఉన్నాయా అన్నది ముఖ్యం. ఒకటి మిగతావాటికంటే 15 శాతానికి మించి తగ్గితే నాకు నచ్చదు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి సైలెన్సర్ వెనక ఒకర్ని నిలబెట్టండి. నీలి పొగ వస్తే ఆయిల్ తాగుతోంది. కూలెంట్ మాటిమాటికీ తగ్గుతూ, ఆయిల్ పోసే మూత లోపల మీగడలాంటి తెల్లటి జిగురు కనిపిస్తే హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పైభాగాన్ని సీలు చేసే పొర) పోయిందని అనుమానం. ఇంజిన్ విప్పాల్సి వస్తే నా సలహా మారిపోతుంది, ఈ వయసు కారుకి ఆ ఖర్చు పెట్టొద్దు.

బాడీ, ఇంజిన్ రెండూ పాసైతే రిపేరు చేయించండి. కానీ ఇక్కడితో అయిపోలేదు.

కొత్త కార్లలో ఏబీఎస్ 2019 ఏప్రిల్ నుంచి, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ 2019 జూలై నుంచి, పక్క సీటుకి కూడా ఎయిర్‌బ్యాగ్ 2022 జనవరి నుంచి తప్పనిసరి అయ్యాయి. 2013లో అవి టాప్ వేరియంట్ ముచ్చట్లు. ఇప్పుడు మీ కారుకి ఎవరైనా బిగిస్తామంటే నమ్మకండి, అది షెడ్డులో తగిలించే వస్తువు కాదు. సిటీలో నలభైలో నడిపే కారుకి ఈ లోటుతో సర్దుకోవచ్చు. కానీ నెల్లూరు దారిలో కోలారు, ముళబాగిలు దాటి పలమనేరు నుంచి చిత్తూరు వైపు దిగే మొగిలి ఘాట్ మీకు తెలియంది కాదు. వానలో, లారీ వెనక, ఏబీఎస్ లేకుండా బ్రేక్ తొక్కాల్సిన చోటు అది. అక్కడ జరిగిన యాక్సిడెంట్ కార్లు సర్వేకి చూసినవాడిగా చెప్తున్నాను, కొత్త షాకబ్జర్లూ కొత్త క్లచ్చూ ఆ లోటుని పూడ్చవు.

కాబట్టి నేను మీ స్థానంలో ఉంటే ఇలా చేస్తాను. 46 వేలతో కారుని సిటీకి సిద్ధం చేసుకుంటాను. ఆఫీసుకి, స్కూలుకి, కూరగాయలకి అది చాలు. కుటుంబంతో నెల్లూరు వెళ్లాలంటే శేషాద్రి ఎక్స్‌ప్రెస్సో, తప్పకపోతే ఎయిర్‌బ్యాగ్‌లు ఉన్న అద్దె కారో. దీంతోపాటు ఈ నెల నుంచే నెలకు 12,500 పక్కన పెడతాను, లోను తీసుకున్నట్టే. ఏడాదిన్నరలో రెండు లక్షల పాతిక వేలు అవుతుంది. కడుతూ ఉంటే ఆ ఈఎంఐ ఇంటి ఖర్చులో పడుతుందో లేదో కూడా తేలిపోతుంది. ఎక్కువమంది ఈ సంగతి కారు కొన్నాక కనుక్కుంటారు.

నెలకోసారి కారులోనే వెళ్లాలి, అమ్మానాన్నలని తీసుకురావాలి, రైలు కుదరదు అంటే అప్పుడు మార్చండి. అలాంటప్పుడు క్లచ్, బ్రేకులు మాత్రం చేయించి అమ్మండి. ఏసీకి పెట్టిన డబ్బు అమ్మేటప్పుడు తిరిగి రాదు. అలాగని ముందురోజు గ్యాస్ కొట్టించి 'ఏసీ సూపర్' అని అంటగట్టొద్దు. కాయిల్ లీకు ఉందని చెప్పి ఆ మేరకు తగ్గించి ఇవ్వండి. కొనేదీ మనలాంటి కుటుంబమే.

కొత్తదే కావాలని లేదు. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 (పొగ కాలుష్యం మీద ప్రభుత్వం పెట్టిన ప్రమాణం) కారు, రెండు ఎయిర్‌బ్యాగ్‌లున్నది, సెకండ్ హ్యాండ్‌లో చూడండి. బెంగళూరు కారైతే ఒక్క జాగ్రత్త. 2022 సెప్టెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు పక్క లేఔట్లలో బేస్‌మెంట్లు మునిగినప్పుడు చాలా కార్లు నీళ్లలో నానాయి, వాటిలో కొన్ని తుడిచి మెరిపించి మార్కెట్లోకి వచ్చాయి. సీటు బెల్టుని చివరిదాకా లాగండి. మామూలుగా ఎవరూ లాగని ఆ చివరి జానెడు మీద బురద చార ఉంటే అక్కడి నుంచి వచ్చేయండి.

నాన్నగారి భయం ఆర్‌సీ గురించి అన్నారు. పదిహేనేళ్లు దాటితే పెట్రోల్ కారు తీసేయాలన్న నిబంధన ఢిల్లీ చుట్టుపక్కలది, మనకు లేదు. మీ ఆర్‌సీ 2028 వరకు ఉంటుంది. తర్వాత ఫామ్ 25 పెట్టి, ఆర్టీఓ దగ్గర బండి చూపించి ఫిట్‌నెస్ తెచ్చుకుంటే అయిదేళ్లకు పొడిగిస్తారు. కార్లకు ఆ ఫీజు 600 నుంచి 2022 ఏప్రిల్‌లో 5,000 అయింది, కర్ణాటక గ్రీన్ ట్యాక్స్ వేరే. కానీ నా ఉద్దేశంలో మీ కారుని 2028 దాటించొద్దు.

'పర్యావరణం కోసమైనా మార్చాలి కదా' అని కూడా రాశారు. దేశమంతటికంటే ముందు, 2010 ఏప్రిల్‌లోనే, బీఎస్4 అమలైన పదమూడు నగరాల్లో బెంగళూరు ఒకటి. మీది ఇక్కడే రిజిస్టరైన 2013 కారు కాబట్టి బీఎస్4. ఇకమీదట సిటీలోనే నెలకు అయిదారు వందల కిలోమీటర్లు తిరిగే పెట్రోల్ కారుని, ఎమిషన్ టెస్ట్ పాసవుతున్నదాన్ని, పొగ పేరుతో తీసేసి దాని బదులు ఇంకో టన్ను ఇనుముని తయారు చేయించడం మేలు కాదు. రోజుకు 70, 80 కిలోమీటర్లు తిరిగేవాళ్లు ఎలక్ట్రిక్‌కి మారితే అది వేరే సంగతి. పెట్రోల్ ఇప్పుడు ఇ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపింది కాబట్టి, క్లచ్ పనిలోనే ఫ్యూయల్ పైపుల రబ్బరు గట్టిపడిందా, పగుళ్లు వచ్చాయా చూడమనండి. మైలేజీ కొద్దిగా తగ్గితే కంగారు పడకండి.

అమ్మే రోజు వస్తే కాగితాల్లో బద్ధకం వద్దు. ఫామ్ 29, 30 మీద సంతకాలు పెట్టి తాళాలు ఇచ్చేసి ఊరుకోకండి. ఆర్‌సీ పేరు మారేవరకు ఆ బండి చేసే యాక్సిడెంట్‌కి రికార్డులో ఉన్న ఓనరే బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది. మీ పేరు ఆన్‌లైన్‌లో మారినట్టు చూసుకున్నాకే నిద్రపోండి. ఫాస్టాగ్ ఆ రోజే క్లోజ్ చేయండి. నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, కారుది కాదు, మీది. ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర లెటర్ తీసుకుంటే తర్వాతి కారుకి వాడుకోవచ్చు, 50 శాతం దాకా ఉంటుంది. ఈ ఒక్క కాగితం అడగక వేలు వదులుకునేవాళ్లని వారానికొకర్ని చూస్తాను. చెకప్‌లో బాడీ తుప్పు తేలి కారు తుక్కుకే వెళ్లాల్సి వస్తే, గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ సెంటర్‌కే ఇచ్చి కారు అప్పగించినట్టు సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ తీసుకోండి. కొత్త కారు ట్యాక్సులో 25 శాతం దాకా రాయితీకి రాష్ట్రాలకు కేంద్రం వీలు కల్పించింది ఆ కాగితం మీదే. పాత ఇనుము కొనేవాడికి ఇస్తే ఇంజిన్ ఆయిల్ డ్రైనేజీలోకి పోతుంది, మీ ఆర్‌సీ మాత్రం రికార్డులో బతికే ఉంటుంది.

పార్టులు మీరే తెచ్చి ఇస్తే లేబర్ మాత్రం తీసుకునే షెడ్డులు మీ వైపు చాలా ఉన్నాయి. పార్టుల దుకాణాలుండే జేసీ రోడ్డులో కొనండి, బిల్లు మీద పార్ట్ నంబరు రాయించుకోండి. బ్రేక్ ప్యాడ్‌లు, లోయర్ ఆర్మ్‌లు మాత్రం సీలు తీయని కంపెనీ డబ్బాలోవే. విప్పిన పాత పార్టులు మీకు ఇవ్వాలని ముందే చెప్పండి. ఆ ఒక్క మాటతోనే ఎస్టిమేట్లో రెండు మూడు లైన్లు వాటంతటవే మాయమవుతాయి.

కంప్రెషన్ రీడింగులు, రన్నింగ్ బోర్డ్ కింద తీసిన ఫొటోలు ఇక్కడ పెట్టండి. అవి చూడకుండా ఎవరికీ అడ్వాన్సు కట్టకండి, రిపేరుకైనా సరే, కొత్త కారుకైనా సరే.